ముందు ఇరుసు నూనె ఎందుకు కారుతుంది? ఎలా ఆపాలి?

సాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదిలారంటే మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు ట్రాక్టర్ మెకానిక్‌లకు తిండి తినే తీరిక ఉండదు. క్లచ్చులు, హైడ్రాలిక్ పైపులు, బేరింగులు అన్నీ ఆ నెల రోజుల్లోనే గుర్తొస్తాయి. ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లు పెరిగాక వీటికి ఇంకో ఫిర్యాదు తోడైంది. ముందు ఇరుసు దగ్గర నూనె కారడం.

"సీలు మొన్ననే ఏసినవ్ గదన్నా, మల్ల కారుతుంది" అంటాడు డ్రైవర్.

"సీలు మంచిదే తమ్మీ, కంపెనీదే ఏసిన" అంటాడు మెకానిక్.

ఇద్దరి మాటా నిజమే కావచ్చు. కొత్త సీలు వేసినా నూనె ఆగలేదంటే, పాత సీలును పాడుచేసినది ఇంకా బండిలోనే ఉందన్నమాట. దాన్ని వెతికి పట్టుకోకుండా ఎన్ని సీళ్లు మార్చినా డబ్బు దండగే.

ఈ బాధ మునుపు లేదు, ఇప్పుడెందుకు వచ్చింది?

టూ వీల్ డ్రైవ్ ట్రాక్టర్‌లో ముందు చక్రాలకు ఇంజన్ శక్తి అందదు. అవి ఊరికే దొర్లుతాయి, బండిని మలుపు తిప్పుతాయి. హబ్బులో కాస్త గ్రీజు ఉంటే వాటికి సరిపోతుంది. ఫోర్ వీల్ బండిలో గేర్‌బాక్సు అడుగు నుంచి ఒక ప్రొపెల్లర్ షాఫ్టు ముందుకు పోతుంది. అది ముందు ఇరుసు నడుమనున్న పినియన్‌ను తిప్పుతుంది. పినియన్ క్రౌన్ వీల్‌ను, అది డిఫరెన్షియల్‌ను తిప్పితే అక్కడి నుంచి రెండు పక్కలకూ షాఫ్టులు వెళ్తాయి. చక్రం దగ్గర మళ్లీ గేర్లు ఉంటాయి. ఇవన్నీ నూనెలో తిరగాలి. తిరిగే షాఫ్టు గూడు నుంచి బయటికి వచ్చే ప్రతి చోటా ఒక సీలు ఉండక తప్పదు. గేర్‌బాక్సు దగ్గర ఒకటి, పినియన్ దగ్గర ఒకటి, రెండు చివర్లా చక్రం మలుపు తిరిగే చోట, హబ్బుల దగ్గర మరికొన్ని. అంటే నూనె కారడానికి అవకాశమున్న చోట్లు అన్ని పెరిగాయి.

రెండో కారణం పొలం. నాగార్జునసాగర్ కాలువలకు 1967 ఆగస్టు 4న నీళ్లు వదిలినప్పటి నుంచి నల్లగొండ దక్షిణ భాగం వరి పొలం అయింది. పాలమూరు జిల్లాలో ఆ మార్పు చాలా ఆలస్యంగా వచ్చింది. జొన్న, ఆముదం, వేరుశనగ పండిన చెలకల్లో కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా ఎత్తిపోతలు వచ్చాక వరి పెరిగింది. ఆముదం చేనులో పొడి దుక్కి దున్నే బండికి ఇరుసు మట్టికి పైనే ఉంటుంది. దమ్ము చేసే బండికి ఇరుసే బురదలో మునుగుతుంది. గంటల తరబడి బురదలో తిరిగే సీలు పడే కష్టం పొడి చేనులో తిరిగే సీలుకు ఎన్నడూ ఉండదు.

మెత్తని రబ్బరు గట్టి ఇనుమును ఎలా కోస్తుంది?

ఒక పాత హబ్ సీలును చేతిలోకి తీసుకొని చూడండి. బయట ఇనుప వలయం, లోపల నల్ల రబ్బరు, ఆ రబ్బరు అంచు వెనక గాడిలో సన్నని చుట్ట స్ప్రింగు. ఆ స్ప్రింగు రబ్బరు పెదవిని షాఫ్టు చుట్టూ అదిమి పెడుతుంది. నిజానికి పెదవి షాఫ్టుకు పూర్తిగా ఆనదు. రెండింటి నడుమ కొన్ని మైక్రాన్ల మందాన నూనె పొర ఉంటుంది. పెదవి దాని మీద జారుతుంది, ఆ పొర లేకపోతే కాలిపోతుంది. మంచి సీలు బయటికి రాబోయే నూనెను లోపలికే తోస్తుంది. అందుకే పెదవి అంచు, స్ప్రింగు ఉన్న వైపు నూనె దిక్కుకు ఉండాలి. తిరగేసి బిగిస్తే ఆ రోజే కారుతుంది.

ఇప్పుడు ఆ సీలు ఆనిన చోట షాఫ్టును గుడ్డతో తుడిచి గోటితో అడ్డంగా గీరండి. గోరు ఎక్కడైనా చిన్న గాడిలో తట్టుకుందంటే అసలు దోషి దొరికినట్టే. ఆ గాడిని చేసింది రబ్బరు కాదు, మట్టి. మన చెలకలు గ్రానైటు రాయి అరిగి ఏర్పడిన నేలలు. అందులో పలుగురాతి రేణువులు ఎక్కువ. పలుగురాయి మామూలు ఇనుము కన్నా గట్టిది. బురదతో పాటు ఆ రేణువు రబ్బరులో గుచ్చుకుంటుంది, అక్కడే కూర్చొని తిరిగే షాఫ్టును అరగదీస్తుంది. గాడి పడిన షాఫ్టు మీద ఎంత ఖరీదైన కొత్త సీలు వేసినా పెదవి గాడిలో సరిగా కూర్చోదు. "మొన్ననే ఏసినం, మల్ల కారుతుంది" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇక్కడుంది.

దీనికి మూడు దారులున్నాయి. గాడి లోతు తక్కువైతే, గూటిలో చోటు ఉంటే, కొత్త సీలును పాత చోటికి రెండు మూడు మిల్లీమీటర్లు అటో ఇటో జరిపి బిగించవచ్చు. అప్పుడు పెదవి అరగని చోట ఆనుతుంది. లోతు ఎక్కువైతే గాడి మీద పలచని స్టీలు స్లీవు తొడగాలి. ఇవి ఒక మిల్లీమీటరులో మూడో వంతు మందం కూడా ఉండవు కాబట్టి అదే కొలత సీలు సరిపోతుంది. అదీ కుదరకపోతే భాగమే మార్చాలి. వెల్డింగ్ చేసి లేత్ మీద తరిగించడం మన ఊళ్లలో మామూలే. కానీ వేడికి షాఫ్టు వంగినా, తరిగిన ముఖం గరుకుగా మిగిలినా సీలు మళ్లీ పోతుంది. ఆ పని తెలిసిన చేతితోనే చేయించాలి.

మట్టితో పాటు ఇంకో శత్రువు ఉంది. యూరియా సంచుల దారాలు, పాలిథిన్ పీలికలు, వరిగడ్డి. చక్రం తిరిగేకొద్దీ ఇవి హబ్ వెనక సందులో చుట్టుకొని బిగుసుకుంటాయి, కొన్నాళ్లకు సీలు పెదవి కిందికి దూరతాయి. దమ్ము అయిన రోజు సాయంత్రం బండి కడిగేటప్పుడు ఆ సందులో వేలు పెట్టి తిప్పి చూసే డ్రైవర్‌కు ఏటా ఒక సీలు మిగులుతుంది. ఖాళీ యూరియా సంచులు పొలం గట్టున వదిలేసే అలవాటు మానితే ఇంకా మంచిది.

సీలు బాగున్నా, షాఫ్టు బాగున్నా ఎందుకు కారుతుంది?

గాలి వల్ల. చాలామంది చూడని భాగం ఇదే. ఇరుసు గూటి పైన చిన్న మూత లాంటిది, లేదా సన్నని గొట్టం ఒకటి ఉంటుంది. దాన్ని బ్రీదర్ అంటారు. గేర్లు తిరిగితే నూనె వేడెక్కుతుంది, లోపలి గాలి ఉబ్బుతుంది. 30 డిగ్రీల దగ్గర మూసిపెట్టిన గాలి 80 డిగ్రీలకు వేడెక్కితే దాని ఒత్తిడి సుమారు ఆరో వంతు పెరుగుతుంది. నూనె కూడా కొంత ఉబ్బి గాలికి చోటు తగ్గిస్తుంది కాబట్టి ఒత్తిడి ఇంకొంచెం ఎక్కువే అవుతుంది. బ్రీదర్ తెరిచి ఉంటే ఆ గాలి బయటికి పోతుంది. బురద ఎండి దాన్ని మూసేస్తే గాలి బలహీనమైన సీలు దగ్గర దారి చూసుకుంటుంది, తనతో నూనెను తీసుకుపోతుంది.

అంతకన్నా పెద్ద నష్టం చల్లబడేటప్పుడు జరుగుతుంది. వేడెక్కిన ఇరుసు చల్లని మడిలో దిగగానే లోపలి గాలి కుంచించుకుపోతుంది. బ్రీదర్ మూసుకుపోయి ఉంటే బయటి నుంచి పీల్చుకోవడానికి సీలు సందు తప్ప దారి లేదు. ఆ సందు దగ్గర ఉన్నది గాలి కాదు, బురదనీళ్లు. అట్లా నీళ్లు ఇరుసులోకి చేరతాయి. సీలు మార్చి బ్రీదర్‌ను ముట్టుకోకుండా బండి పంపేయడం సగం పని. బ్రీదర్ విప్పి, డీజిల్‌లో కడిగి, నోటితో ఊది చూడటానికి పెద్దగా సమయం పట్టదు. దమ్ము ఎక్కువ చేసే బండికి బ్రీదర్ చోట నూనె తట్టుకునే రబ్బరు గొట్టం బిగించి, బానెట్ కింద ఎత్తున కట్టి, చివర కిందికి వంచి పెడితే ఆ బాధే ఉండదు.

నూనె ఎక్కడి నుంచి వస్తోందో ఎలా కనిపెట్టాలి?

కారే చోటు ఒకటి, కనిపించే చోటు ఇంకొకటి. బండి నడుస్తుంటే గాలికి, వాలుకు నూనె వెనక్కి, కిందికి పాకుతుంది. కాబట్టి తడి ఉన్న చోట కింది నుంచి పైకి, వెనక నుంచి ముందుకు చూస్తూ పోవాలి. తడికి అన్నిటికన్నా పైన ఉన్న చోటే అనుమానించాల్సిన చోటు.

బురద పేరుకున్న ఇరుసు మీద ఏదీ తెలియదు. ముందు డీజిల్, బ్రష్షుతో కడిగి, నీళ్లు పోసి, పూర్తిగా ఆరనివ్వాలి. ఆరాక అనుమానమున్న చోట్ల ముఖానికి రాసుకునే పౌడరు చల్లి, ఫోర్ వీల్ లీవర్ వేసి, మెత్తని నేల మీద అరగంట నడిపించాలి. తెల్లని పౌడరు మీద నూనె ఎక్కడ మొదలైందో స్పష్టంగా కనిపిస్తుంది. రాత్రి బండి కింద అట్టముక్క పరిస్తే చుక్కల చోటు కూడా తెలుస్తుంది.

కారుతున్నది ఏ నూనె అన్నదీ చూడాలి. గేర్ ఆయిల్ చిక్కగా ఉంటుంది, గంధకం వాసన వస్తుంది. పవర్ స్టీరింగ్ సిలిండర్ ముందు ఇరుసు మీదే ఉంటుంది కాబట్టి దాని రాడ్ సీలు పోతే వచ్చే పలచని హైడ్రాలిక్ నూనెను ఇరుసు నూనెగా పొరబడి హబ్బు విప్పినవాళ్లున్నారు. ఇంజన్ వెనక సీలు నుంచి వచ్చే నూనె నల్లగా ఉంటుంది.

తరువాత లెవెల్ బోల్టు విప్పి వేలితో కాస్త నూనె తీయండి. తెల్లబారి, పాలచాయ రంగులో ఉంటే నీళ్లు కలిశాయి. అనుమానంగా ఉంటే బాగా వేడెక్కిన ఇనుప రేకు మీద రెండు చుక్కలు వేయండి. నీళ్లుంటే చిటపటలాడుతుంది. అట్లాంటి నూనెతో ఒక్క రోజు కూడా నడపకూడదు. నీళ్లు చేరిన బేరింగు పని చేసేటప్పుడు అరిగేది ఒక ఎత్తు, పని కాలం అయిపోయి షెడ్డులో నిలబడి ఉన్న నెలల్లో తుప్పు పట్టేది ఒక ఎత్తు. మరుసటి యాసంగికి బండి తీసేసరికి అది గరగరలాడుతుంది.

కాస్త చెమర్చితే కంగారు పడాలా?

అక్కర్లేదు. సీలు చుట్టూ పలచగా తడి, దానికి దుమ్ము అంటుకోవడం పాత బండికి మామూలే. తుడిచి చూస్తూ ఉండాలి. చుక్క జారిందంటే లెక్క వేరు. పది సెకన్లకు ఒక్క చుక్క చొప్పున రోజుకు ఎనిమిది గంటలు కారితే దాదాపు 150 మిల్లీలీటర్లు. పది రోజుల దమ్ములో లీటరున్నర. ఇరుసులో మొత్తం పట్టేదే కొన్ని లీటర్లు. పైగా బయటికి నూనె పోయే దారే లోపలికి బురద వచ్చే దారి.

సీలు ఎలా మార్చాలి?

మొట్టమొదట నూనె పోసే బోల్టు విప్పి చూడాలి, ఆ తరువాతే కింది డ్రెయిన్ బోల్టు. పై బోల్టు తుప్పు పట్టి రాకపోతే, నూనె అంతా తీసేశాక తిరిగి పోయడానికి దారి ఉండదు. నూనె గోరువెచ్చగా ఉన్నప్పుడు తీస్తే అడుగున చేరిన మడ్డి కూడా వస్తుంది. డ్రెయిన్ బోల్టుకు అయస్కాంతం ఉంటే దాని మీద బూడిద రంగు మెత్తని ముద్ద ఉండటం సహజం. పొలుసులు, ముక్కలు ఉంటే గేరో బేరింగో పోతోంది, సీలు సంగతి తరువాత.

ట్రాక్టర్ ముందు ఇరుసు నడుమ పిన్ను మీద ఊగుతుంది. ఎగుడు దిగుడు నేల కోసం అట్లా చేస్తారు. ఒక పక్క జాకీ ఎత్తితే బండి రెండో పక్కకు ఒరిగే ప్రమాదం ఉంది. కాబట్టి ఇరుసుకు, పై ఫ్రేముకు మధ్య రెండు వైపులా చెక్క దిమ్మలు గట్టిగా దోపాలి. వెనక చక్రాలకు రాళ్లు పెట్టాలి, జాకీతో పాటు స్టాండు పెట్టాలి. ఒక్క జాకీని నమ్మి కింద దూరే మెకానిక్‌ను ఆపాల్సిన బాధ్యత బండి ఓనరుది.

చక్రం విప్పక ముందే దాన్ని పైనా కిందా పట్టుకొని ఊపండి. లొడలొడ ఊగితే బేరింగు అరిగింది లేదా బిగువు తప్పింది. షాఫ్టు ఊగుతుంటే సీలు పెదవి ఒక పక్క నలుగుతుంది, ఇంకో పక్క తెరుచుకుంటుంది. ఎంత మంచి సీలైనా ఆ ఊపును తట్టుకోదు. బేరింగు ఆట సరిచేయకుండా సీలు వేయవద్దని గట్టిగా చెప్పండి.

పాత సీలు తీశాక దాని మీది అంకెలు చూడాలి. లోపలి కొలత, బయటి కొలత, మందం, మూడూ మిల్లీమీటర్లలో వరసగా ఉంటాయి. కంపెనీ సీలు మన ఊళ్లో దొరక్కపోతే సికింద్రాబాద్ రాణిగంజ్ బేరింగు దుకాణాల్లో కొలత చెబితే దొరుకుతుంది. కానీ కొలత ఒక్కటే కలిస్తే చాలదు. వరి పొలం బండ్ల హబ్బులకు కొన్ని కంపెనీలు కాసెట్ సీలు వేస్తాయి. అందులో స్లీవు, ఒకదాని వెనక ఒకటిగా నాలుగైదు పెదవులు ఒకే గూటిలో ఉంటాయి, బురద లోపలి పెదవి దాకా చేరేసరికి చాలా కాలం పడుతుంది. దాని చోట అదే కొలత ఉన్న మామూలు ఒంటి పెదవి సీలు చౌకగా వస్తుంది కదా అని కొట్టించుకుంటే ఒక్క పంట కాలం కూడా ఆగదు.

బిగించేటప్పుడు గూడు అంచున పాత సిమెంటు, తుప్పు లేకుండా శుభ్రం చేయాలి. పెదవికి నూనె రాయాలి. బయటి దుమ్ము పెదవికి, లోపలి పెదవికి మధ్య ఖాళీలో గ్రీజు నింపాలి. షాఫ్టు చివర స్ప్లైన్ల పళ్లు ఉంటే వాటి మీద పలచని ప్లాస్టిక్ కాగితం చుట్టి దాని మీదుగా సీలు జార్చాలి. లేకపోతే ఆ పళ్లు కంటికి కనిపించనంత సన్నగా పెదవిని కోస్తాయి. సీలు అంచు మీద నేరుగా సుత్తి, ఉలి వాడితే ఇనుప వలయం వంగుతుంది. సీలు అంత వెడల్పున్న పైపు ముక్కో, పాత సీలో మీద పెట్టి, చుట్టూ సమంగా, నెమ్మదిగా దించాలి. గ్యాస్కెట్ పేస్టు సన్నగా రాస్తే చాలు. దట్టంగా పూస్తే లోపలికి ఒలికిన ముద్ద ఊడి నూనెలో తిరుగుతుంది.

నూనె ఏది పోయాలో బండి పుస్తకంలో ఉంటుంది. కొన్ని బండ్లకు 90 నంబరు గేర్ ఆయిల్, కొన్నిటికి గేర్‌బాక్సుకూ హైడ్రాలిక్‌కూ వాడే నూనెనే ముందు ఇరుసుకూ చెబుతారు. సమతల నేల మీద నిలబెట్టి, లెవెల్ రంధ్రం దాకా పోసి, పావుగంట ఆగి మళ్లీ పోయాలి. చిక్కని నూనె ఇరుసు చివర్ల దాకా చేరడానికి సమయం పడుతుంది. ఎక్కువ ఉంటే మంచిదే కదా అని నిండా పోస్తే నురగ పుట్టి, ఒత్తిడి పెరిగి, కొత్త సీలే కారడం మొదలెడుతుంది. పది గంటల పని తరువాత ఒకసారి బోల్టులు, లెవెల్ చూసుకోవాలి. తీసిన పాత నూనెను డబ్బాలో పోసి పాత ఆయిల్ కొనేవాళ్లకు ఇవ్వండి. 2016 నాటి కేంద్ర నిబంధనల్లో వాడిన నూనె ప్రమాదకర వ్యర్థాల కింద ఉంది. పంట కాలువ గట్టున ఒలకబోసేది కాదు.

పినియన్ సీలుకు వేరే జాగ్రత్త ఎందుకు?

పినియన్ నట్టు ఫ్లాంజిని పట్టి ఉంచడమే కాదు, లోపలి బేరింగుల బిగువును కూడా అదే నిర్ణయిస్తుంది. ఇంపాక్ట్ గన్ను పెట్టి ఊడదీసి, సీలు వేసి, అదే గన్నుతో గట్టిగా బిగిస్తే బేరింగు నలిగి వేడెక్కుతుంది. వదులైతే పినియన్ ఆడి, క్రౌన్ పళ్లు తింటుంది. విప్పక ముందే నట్టు, షాఫ్టు చివర, ఫ్లాంజి మూడింటి మీద సెంటర్ పంచ్‌తో గుర్తులు పెట్టి, తిరిగి ఆ గుర్తుల దగ్గరికే రావాలి. పుస్తకంలో బిగువు అంకె ఉంటే టార్క్ రెంచితో సరిచూడాలి. టార్క్ రెంచి లేని షెడ్డులో ఈ పని చేయించవద్దని నా గట్టి అభిప్రాయం.

జీపులకూ ఇదేనా?

సూత్రం అదే. అమ్రాబాద్ అడవి దారుల్లో తిరిగే జీపుకైనా బ్రీదర్, గాడి పడిన షాఫ్టు, ఆడే బేరింగు ఈ మూడే మూలం. అదనంగా రెండు చోట్లున్నాయి. ఒకటి ట్రాన్స్‌ఫర్ కేసు. గేర్‌బాక్సుకూ దానికీ మధ్య లోపలి సీలు పోతే బయట ఒక్క చుక్క కూడా పడకుండానే ఒకదాంట్లో నూనె తగ్గి రెండోదాంట్లో పెరుగుతుంది. రెండు లెవెళ్లూ చూస్తేనే తెలుస్తుంది. పాత విల్లీస్ తరహా జీపుల్లో హ్యాండ్ బ్రేకు డ్రమ్ము ట్రాన్స్‌ఫర్ కేసు వెనక చివరే ఉంటుంది కాబట్టి అక్కడి సీలు కారితే బ్రేకు లైనింగు తడిసి ఘాట్ మీద బండి నిలవదు. రెండోది వెనక ఇరుసు హబ్ సీలు. నూనె బ్రేకు షూల మీదికి వస్తుంది, బ్రేకు నొక్కితే బండి ఒక పక్కకు లాగుతుంది. నూనె తాగిన లైనింగును తుడిచి వాడకూడదు, మార్చాల్సిందే.

నడిపే తీరుకు, సీలుకు సంబంధం ఏమిటి?

ట్రాక్టర్‌లో ముందు చక్రాలు వెనక చక్రాల కన్నా కొంచెం ముందుగా, మామూలుగా 1 నుంచి 5 శాతం వేగంగా తిరిగేలా పళ్లు పెడతారు. బురదలో చక్రం జారుతుంది కాబట్టి ఆ తేడా అక్కడే తీరిపోతుంది. తారు రోడ్డు మీద జారదు. ఫోర్ వీల్ లీవర్ వేసి ఉంచి వడ్ల లోడుతో మిల్లుకు పోతే ఆ తేడా అంతా షాఫ్టుల్లో బిగువుగా పేరుకొని, వేడిగా మారి, బేరింగులను, సీళ్లను తింటుంది. రోడ్డెక్కగానే లీవర్ తీయాలి. ముందు టైర్లు మారిస్తే కంపెనీ చెప్పిన కొలతే వేయాలి, లేకపోతే ఆ శాతం తారుమారవుతుంది.

కేజ్ వీల్స్‌తో తారు రోడ్డు మీద పోవద్దని అధికారులు చెప్పేది రోడ్డు కోసం. బండి కోసం కూడా పోవద్దు. వెడల్పు ఇనుప చక్రం రోడ్డు మీద కొట్టే ప్రతి దెబ్బ వెనక ఇరుసు బేరింగుకు తగులుతుంది, బేరింగు ఆడటం మొదలైతే దాని పక్క సీలు ఎక్కువ కాలం ఉండదు.

ఎప్పుడు చేయించాలి?

కాలువకు నీళ్లు వచ్చాక కాదు. అప్పుడు మెకానిక్‌కు తీరిక ఉండదు, షాపులో సరైన సీలు ఉండదు, ఓనరుకు ఓపిక ఉండదు. ఏది దొరికితే అది వేసి పంపడం తప్ప ఎవరికీ వేరే దారి ఉండదు. మే నెలలో బండి ఖాళీగా ఉంటుంది, ఇరుసు పొడిగా ఉంటుంది, గాడిని గోటితో గీరి చూసే సమయం మెకానిక్‌కు ఉంటుంది. వానాకాలం నాట్లకు నెల ముందే బండి షెడ్డుకు తీసుకెళ్లండి. సీలు మార్చమని చెప్పే ముందు బ్రీదర్ ఊది చూడమని, షాఫ్టు తుడిచి మీకు చూపించమని అడగండి.